పని అయ్యేదాకా ‘తమ్ముడూ’, అయ్యేక ‘రేపు రా’

రాజోలు దీవిలోకి ఎల్లి చూడండి. మలికిపురం, సఖినేటిపల్లి, మామిడికుదురు, ఎటు చూసినా మేడలే. చాలామట్టుకు కువైట్, మస్కట్, దుబాయ్ డబ్బుతో లేచినయ్యే. ఆ మేడ ఎవరిదంటే చిన్నపిల్లోడు కూడా చెప్తాడు. దాన్ని కట్టిన మేస్త్రికి ఆఖరి డబ్బులు ముట్టేయా లేదా అంటే మాత్రం ఎవరూ చెప్పరు. గృహప్రవేశం భోజనాలు తిన్నోళ్లమే అందరం. ఈ మాట అడిగినోళ్లం ఎంతమంది?

ఇది ఏదో ఒక కాంట్రాక్టరు గొడవ అనుకోకండి. మన ఊళ్లల్లో కుర్రోడు ముందు తట్ట మోస్తాడు, తర్వాత తాపీ పడతాడు, నాలుగేళ్లకి మేస్త్రి అవుతాడు, ఆపైన చదరపు అడుగు లెక్కన ఓ ఇల్లు ఒప్పుకుంటాడు. ఆ రోజు నించి అతను కాంట్రాక్టరు. పేరు పెద్దది, చేతిలో పెట్టుబడి మాత్రం సున్నా. వారం తిరిగేసరికి కూలీలకి బట్వాడా ఇవ్వాలి. సెంట్రింగోడికి అద్దె కట్టాలి. సిమెంటు కొట్టోడి ఖాతా తీర్చాలి. పై నించి డబ్బు రాకపోతే వీళ్లెవరూ ఆగరు, ఆగలేరు కూడా. బాకీ ఎప్పుడూ కిందకే జారతాది. ఇంటాయన మేస్త్రికి ఆపితే, మేస్త్రి కూలీకి ఆపుతాడు. కూలీ ఇంకెవరికి ఆపుతాడు? ఇంట్లో పిల్లల కంచంలో ఆపుతాడు.

ఓ లెక్క ఏసుకుందాం. ఆఖర్లో రెండు లక్షలు ఆగిపోయేయి. మేస్త్రి ఆ రెండు లక్షలూ రెండు రూపాయల వడ్డీకి తెచ్చి కూలీలకి పంచేడు. నెలకి 4,000. పది నెలలకి 40,000. ఇంటాయన చేసిందల్లా ‘రేపు రా’ అనడమే. కానీ ఆ రేపటికి వడ్డీ కట్టింది మేస్త్రి. అంటే పేదోడు ఉన్నోడికి వడ్డీ లేని అప్పు ఇచ్చేడన్నమాట. ఈ లోకంలో ఇంతకంటే తిరగబడ్డ వ్యవహారం ఉంటాదా?

ఇంటాయన సంగతి సరే, సర్కారు ఏం చేసిందో చూడండి. 2019 ఎన్నికలకి ముందు రాష్ట్రమంతా ఊరూరా ఉపాధి హామీ నిధులతో సిమెంటు రోడ్లు, భవనాలు కట్టేరు. ఎన్నికలయ్యేయి, ప్రభుత్వం మారింది, బిల్లులు ఆగిపోయేయి. విచారణలన్నారు, కోతలన్నారు. చిన్న కాంట్రాక్టర్లు, మాజీ సర్పంచులు వందల సంఖ్యలో హైకోర్టుకి ఎల్లేరు. 2021 అక్టోబరులో కోర్టు నాలుగు వారాల్లో 12 శాతం వడ్డీతో కట్టమంది. అయినా అంతటితో తెగలేదు, బిల్లుల కోసం కోర్టు ధిక్కారం పిటిషన్లు కూడా ఏసుకోవాల్సొచ్చింది. కాంట్రాక్టరు ఏ పార్టీవోడన్నది కాదు లెక్క. రోడ్డు ఏసేడా లేదా, కొలతల పుస్తకంలో ఎక్కిందా లేదా, అంతే. పని తప్పుగా చేస్తే ఆ తప్పు చూపించి కోత కొయ్యండి, ఎవరూ కాదనరు. జెండా చూసి బిల్లు ఆపితే అది పాలన కాదు, కక్ష.

ఇక్కడ ఓ సంగతి గమనించండి. 12 శాతం అంటే మన ఊరి లెక్కలో రూపాయి వడ్డీ. తెచ్చింది రెండు రూపాయలకి. అంటే కేసు గెలిచినోడు కూడా నష్టపోయే ఇంటికి ఎల్లేడు. 2005 నాటి ఉపాధి హామీ చట్టంలో కూలీకి 15 రోజుల్లో డబ్బు పడాలని రాసేరు. ఆలస్యమైతే రోజుకి 0.05 శాతం పరిహారం. లెక్క కడితే నెలకి రూపాయిన్నర వడ్డీ. ఆ పరిహారం కూలీ చేతికి ఏపాటి అందిందన్నది వేరే మాట, రాత అయితే ఉండేది. అదే పనికి కంకరా, సిమెంటూ తోలినోడి బిల్లుకి ఆ చట్టంలో అలాంటి గడువు పెట్టలేదు. గడువు లేని చోటే ‘రేపు’ పుడతాది.

మరి మేడ కట్టించుకున్నాయన దగ్గర ఏం జరుగుతాది? పునాది తవ్వేటప్పుడు ‘తమ్ముడూ’ అంటాడు. శ్లాబు ఏసే రోజు కోడి కోయిస్తాడు. గృహప్రవేశం అయ్యేక గోడ మీద వెంట్రుకంత పగులు కనబడతాది. ‘మావోడు అక్కడి నించి పంపాక ఇత్తాలే’ అంటాడు. కులం, భూమి, పలుకుబడి ఉన్న ఇంటి ముందు నిలబడి గట్టిగా అడగడం మన కుర్రోళ్లకి నోరు రాదు. ఆయన ధైర్యం కూడా అదే. మన బలం శ్లాబు పడకముందు ఉంటాది, తలుపులు బిగించేక ఉండదు.

అందుకే తమ్ముళ్లూ, పని ఒప్పుకున్న రోజే కాయితం రాసుకోండి. నోటిమాట గొప్పదే, కానీ కోర్టులో దానికి సాక్షి కావాలి. పునాదికి ఎంత, లింటల్‌కి ఎంత, శ్లాబుకి ఎంత, ప్లాస్టింగుకి ఎంత అని విడదీసి రాయండి. శ్లాబు డబ్బు చేతికొచ్చేకే పై పని అని రాయండి. ‘ఈ గది పెంచు, ఆ మెట్లు మార్చు’ అన్న అదనపు పనికి అప్పటికప్పుడే వాట్సాప్‌లో ‘ఇంతవుతాదండి’ అని పెట్టి, ‘సరే’ అనిపించుకోండి. సరైన ధ్రువపత్రం జతచేస్తే అలాంటి మెసేజీలు కోర్టులో సాక్ష్యంగా చెల్లుతాయి.

బాకీ పడ్డాక గడియారం మర్చిపోకండి. చేసిన పని డబ్బు కోసం దావా ఏయడానికి మామూలుగా, పని అయిన రోజు నించి మూడేళ్లే గడువు. ఆ లోపు ఆయన చేత ‘ఇంత ఇవ్వాలి’ అని సంతకం పెట్టించుకుంటే, ఆ రోజు నించి మళ్లీ మూడేళ్లు మొదలు. మొహమాటంతో మూడేళ్లు తిరిగితే చెప్పులే అరుగుతాయి, హక్కు కూడా పోతాది. చెక్కు ఇచ్చి అది తిరిగొస్తే, బ్యాంకు నించి సమాచారం అందిన 30 రోజుల్లో నోటీసు పంపాలి. నోటీసు అందేక 15 రోజుల్లో కట్టకపోతే, ఆ తర్వాత నెలలోపు కోర్టులో ఫిర్యాదు. గడువు దాటితే కేసు నీరుగారిపోవచ్చు.

‘ఉద్యమ్’ రిజిస్ట్రేషను ఉంటే 2006 నాటి చిన్న పరిశ్రమల చట్టం కింద 45 రోజుల గడువు, ఆపైన చక్రవడ్డీ అడగొచ్చంటారు. కాకపోతే కట్టుబడి కాంట్రాక్టులకి అది వర్తించదని కొన్ని హైకోర్టులు అన్నాయి. దాన్నొక్కదాన్నే నమ్ముకోకండి. లాయరు ఫీజుకి భయపడేవోళ్లు న్యాయ సేవల సంస్థకి ఎల్లండి. ఎస్సీ, ఎస్టీలకీ, ఆడవాళ్లకీ ఆదాయంతో పని లేకుండా ఉచిత లాయరుని ఇస్తారు. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే అది కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు.

ఒకటి మాత్రం చెయ్యొద్దు. కోపంతో తలుపులు పీకేయడం, ఇంటికి తాళం ఏయడం, టైల్స్ పగలగొట్టడం. అప్పటిదాకా ఆయన బాకీదారుడు, ఆ క్షణం నించి నువ్వు ముద్దాయి. నీ డబ్బు పక్కకి పోయి నీ బెయిలు ముందుకొస్తాది.

ఇంత చెప్పినా, కాయితం ఒక్కటే సరిపోదు. ఒక్కడు అడిగితే అది దేబిరించినట్టు ఉంటాది, పదిమంది అడిగితే లెక్క అవుతాది. కోనసీమ రైతులు 2011లోనూ, 2022లోనూ పంట విరామం అన్నప్పుడే సర్కారు ఇటు తిరిగి చూసింది. 2022లో వాళ్ల డిమాండ్లలో అమ్మిన ధాన్యం డబ్బులు ఇవ్వమన్నది కూడా ఉంది. ఊళ్లో తాపీ, సెంట్రింగ్, కరెంటు, ప్లంబింగ్ వోళ్లంతా ఓ మాట మీద ఉండి, పాత మేస్త్రి బాకీ తీర్చేదాకా ఆ ఇంటి పని ముట్టుకోం అంటే చాలు. తక్కువకి ఒప్పుకుని దూరే రెండో మేస్త్రే మొదటి మేస్త్రి బాకీని ఎగ్గొట్టిస్తున్నాడు. రేపు అతని వంతు.

సర్కారుని అడగాల్సింది కూడా ఒకటే. బిల్లు ఎక్కిన వరసలోనే డబ్బు పడాలి, ఎవరి బిల్లు ఎన్నో నంబరులో ఉందో పంచాయతీ గోడ మీద కనబడాలి, గడువు దాటితే వడ్డీ దానంతటదే పడాలి. కరెంటు బిల్లు ఆలస్యమైతే మన దగ్గర అదనం వసూలు చెయ్యడం తెలిసిన సర్కారుకి, తను ఆలస్యం చేస్తే ఇవ్వడం ఎందుకు తెలీదు?