పంచాయితీ వద్దు, స్టేషనూ వద్దు

పల్నాడులో ఒక పదిహేనేళ్ల కూలీల పిల్లవాడు కల్లంలోంచి మిరపకాయల టిక్కీ ఒకటి ఎత్తుకుపోయి అమ్ముకున్నాడనుకుందాం. తరువాత జరిగేది మనకు తెలుసు. ఊరి పెద్దమనుషులు వాణ్ణి కొట్టి, తల్లి మీద తప్పు వేస్తారు. లేదా స్టేషనులో అప్పగిస్తారు. రెండు చోట్లా తల్లే చేతులు జోడించి నిలబడుతుంది. చట్టం చూపిన మూడో దారి గురించి ఆమెకు ఎవరూ చెప్పరు.

బాలన్యాయ చట్టం, 2015 మూడో సెక్షన్‌లోనే ఆ దారి వుంది. పిల్లల మేలుకో సమాజం మేలుకో భంగం కానంతవరకు, న్యాయ విచారణల జోలికి పోకుండా పరిష్కరించే పద్ధతులను ప్రోత్సహించాలని అది చెబుతుంది. 2016 నమూనా నియమాల ప్రకారం, ఘోరమైన నేరమో, పెద్దలతో కలిసి చేసిన నేరమో అయితే తప్ప పిల్లల మీద ఎఫ్.ఐ.ఆర్. రాయకూడదు. విషయం డైరీలో రాసి, పిల్లవాడి ఇల్లు, చదువు, పరిస్థితులపై నివేదికతో బాలన్యాయ బోర్డుకు పంపాలి. బోర్డు అంటే ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు. ఆ ఇద్దరిలో ఒకరైనా స్త్రీ వుండాలి. మందలించి ఇంటికి పంపడం, కౌన్సెలింగ్, సమాజ సేవ, ప్రొబేషన్ వంటి ఉత్తర్వులు బోర్డు ఇవ్వవచ్చు.

అయినా కోర్టుకు ప్రత్యామ్నాయం అన్న మాట వినగానే మనకు భయం వేస్తుంది. ఆ భయానికి కారణం వుంది. అత్యాచారానికి వెల కట్టిన రాజీలనూ, బాధితురాలినే ఊరు విడిచి పొమ్మన్న కుల పంచాయితీలనూ ఎదిరించే స్త్రీల ఉద్యమం ఇంతదూరం వచ్చింది. కనుక మన షరతులు మనం ముందే చెప్పాలి. లైంగిక హింసలో రాజీ అన్న మాటే వుండకూడదు. తప్పు ఒప్పుకోవడం దెబ్బల వల్ల కాక, న్యాయవాది సలహాతో పిల్లవాడు ఇష్టపడి చేసింది కావాలి. నష్టపోయినవారి మాట వినాలి. జరిగినదంతా బోర్డు పర్యవేక్షణలో, కాగితం మీద వుండాలి. న్యూజిలాండ్‌లో 1989 చట్టం తెచ్చిన కుటుంబ సమావేశాల్లో పిల్లవాడు, కుటుంబం, నష్టపోయిన మనిషి ఒకేచోట కూర్చుంటారు. అక్కడ చట్టం కాపలా వుంటుంది. రచ్చబండ దగ్గర వుండేది ఆస్తీ, కులమూ.

బోర్డు ఉత్తర్వుల్లో ఒకటి తల్లిదండ్రులకు జరిమానా. చట్టంలో వున్నా దీన్ని మనం ప్రశ్నించాలి. మిరపకాయ కోతకు పోయే ఒంటరి తల్లికి అది ఎన్ని రోజుల కూలి? పెద్దమనుషులు వేసిన తప్పుకూ దానికీ ఆమె దృష్టిలో తేడా ఏముంటుంది? 2024 జులై నుంచి అమలులో వున్న భారతీయ న్యాయ సంహిత, ఐదు వేల రూపాయల లోపు దొంగతనం మొదటిసారి చేసి సొత్తు తిరిగిచ్చిన పెద్దలకే సమాజ సేవతో సరిపెట్టింది. పిల్లల విషయంలో అంతకన్నా కఠినంగా వుండడం ఏ న్యాయం?

పల్నాడుకు మరో ప్రత్యేకమైన ప్రమాదం వుంది. పెద్దల పగలో బలైన బాలచంద్రుణ్ణి ఏటా కారంపూడిలో వీరుడిగా తలుచుకునే నేల ఇది. 2024 మే ఎన్నికలప్పుడు కూడా మాచర్ల, నరసరావుపేట, గురజాల ప్రాంతాల్లో దాడులు జరిగాయి. పార్టీ తగాదాలో పెద్దల వెంట కర్ర పట్టుకుని పోయిన కుర్రవాడు ఎఫ్.ఐ.ఆర్. మినహాయింపు పోగొట్టుకుంటాడు. అప్పుడు కూడా వాణ్ణి పెద్దలతో కలిపి విచారించకూడదు. పిల్లలను చట్టవిరుద్ధ పనులకు వాడుకున్న పెద్దలకు ఏడేళ్ల వరకూ కఠిన శిక్ష, ఐదు లక్షల జరిమానా విధించవచ్చని 83వ సెక్షన్ చెబుతుంది. కుర్రవాడి పేరు రాసేటప్పుడు, వాడి చేతికి కర్ర ఇచ్చిన వాడి మీద ఈ సెక్షన్ కూడా పెట్టారా అని మనం అడగాలి.

ఒకసారి పడిన ముద్ర ఎంత కాలం వుంటుందో ఈ జిల్లాలవాళ్లకు కొత్తగా చెప్పనక్కర్లేదు. నేరస్థ జాతుల చట్టం 1952లో రద్దయినా, స్టువర్టుపురం పేరు చెబితే ఇప్పటికీ మనుషుల చూపు మారుతుంది. ఎరుకల, యానాది, లంబాడీ పిల్లల మీద అనుమానం ముందుగా వాలుతుంది. నేరం చేసిన పిల్లలకు దాని వల్ల ఎలాంటి అనర్హతా అంటకూడదనీ, వారి వివరాలు బయటపెట్టకూడదనీ చట్టం అంటుంది. ఆ రక్షణ ముందు అందవలసింది ఈ పిల్లలకే.

2022 ఏప్రిల్‌లో పల్నాడు జిల్లా ఏర్పడింది. ప్రతి జిల్లాకూ బోర్డు వుండాలని చట్టం. అది ఎక్కడ కూర్చుంటోంది, మాచర్ల తల్లి అక్కడికి పోయి రావడానికి ఎన్ని కూలి రోజులు పోతాయి, స్టేషనులో బాలల సంక్షేమ పోలీసు అధికారి ఎవరు, సామాజిక నివేదిక నిజంగా ఇంటికి వెళ్లి రాస్తున్నారా? మన సంఘాలు ఈ ప్రశ్నలతో స్టేషనుకూ, జిల్లా న్యాయసేవాధికార సంస్థకూ వెళ్లాలి. బోర్డు సభ్యత్వాలకు మన కార్యకర్తలు దరఖాస్తు చేయాలి. ఆ పిల్లవాడి తల్లి పక్కన ఆ మొదటి రోజునే మనలో ఒకరు నిలబడాలి.