బండి కొనుటకు మంచి నెల యేది?

ఇల్లెందు ప్రాంతమునుండి యొక సోదరి మాకు జాబు వ్రాసినది. వారిది తొమ్మిదిమంది గల యుమ్మడి కుటుంబము. ఖమ్మము మార్కెట్టులో మిరప యమ్మిన సొమ్ము చేతనున్నది. ఏడుగురు కూర్చుండదగిన వ్యానొకటి కొనవలెనని యింటిల్లిపాదియు నిశ్చయించుకొన్నారట. నెల విషయముననే పొత్తు కుదురలేదు. మామగారు శ్రావణమునకు ముందు కొనరాదందురు. మఱది ఆషాఢములోనే తగ్గింపులిత్తురని పట్టుపట్టును. భర్తగారు డిసెంబరుదాక కదలవలదందురు. వీరిలో నెవరి మాట గెలిపింపవలెనని యామె ప్రశ్న. సోదరీ, ఈ వాదమే మా యింటను 2025వ సంవత్సరమున జరిగినది. అందు మేము గెలిచినదియు గలదు, ఓడినదియు గలదు. రెండును దాపక చెప్పెదము.

మొదట అమ్మువాని యిబ్బంది తెలిసికొనవలెను. షోరూమువారు బండ్లను సాధారణముగా అప్పు తెచ్చియే నిలువచేయుదురు. ఎండలో నిలిచియున్న ప్రతి బండికిని వడ్డీ నడచుచుండును. అదిగాక నెలకిన్ని బండ్లమ్మవలెనని కంపెనీవారు లెక్క పెట్టుదురు. ఆ లెక్క నిండినచో వేఱుగా సొమ్ము ముట్టును. కావున నెల మొదటి వారమున మొగము త్రిప్పుకొన్న గుమాస్తాయే యిరువదియెనిమిదవ తేదీన కుర్చీ వేసి కాఫీ తెప్పించును. మిరప పండించు నింటి కోడలికి ఇంతకుమించి బోధింప నక్కరలేదు. అందరును ఒక్కమారు బస్తాలు దింపిన వారమున మిరప ధర పడిపోవును గదా! అందరును ఒక్కమారు షోరూము మెట్లెక్కిన వారమున తగ్గింపు పడిపోవును. మనవారు ఆషాఢమున క్రొత్త వస్తువు ముట్టరు గనుక ఆషాఢమున తగ్గింపు. శ్రావణమున వరుసగా నిలుతురు గనుక అప్పుడు చిరునవ్వు మాత్రమే. వారి మఱది చెప్పిన దబద్ధము కాదు.

భర్తగారి డిసెంబరు మాటయు నిజమే గాని సగము నిజము. జనవరి వచ్చినచో ఆ బండి క్రిందటి యేటి సరుకగును గనుక దానిని వదల్చుకొనుటకు తొందరపడుదురు. జనవరినుండి ధరలు పెంచుదుమని కంపెనీలు తఱచుగా ప్రకటించుటయు గలదు. కాని బండి తయారైన నెలయు సంవత్సరమును రిజిస్ట్రేషను పత్రమున నుండును. నాలుగేండ్లకే మార్చువారు డిసెంబరులో మిగుల్చుకొన్న దానిని అమ్మునపుడు తిరిగి పోగొట్టుకొందురు. పదియేండ్లు వాడుకొను మనవంటివారికి అది లాభమే.

ఇక మా కథ. మా యూరు పాల్వంచకును భద్రాచలమునకును నడుమ, అడవి యంచున నున్నది. మా అత్తగారికి ఉబ్బసము. ఆమెను ఖమ్మమునకు గొనిపోవలసి వచ్చినప్పుడెల్ల కిరాయి బండికి నాలుగువేల రూపాయలు. అందుచేతనే వ్యాను కొనదలచితిమి. ఆషాఢమున ముప్పదివేలు తగ్గింతుమనిరి. మామగారు ఒప్పుకొనలేదు. శ్రావణము వచ్చునప్పటికి ఆ ముప్పదివేలు పదివేలయ్యెను. ఇంతలో ఆగస్టు 15వ తేదీన ప్రధానమంత్రిగారు ఎఱ్ఱకోటపైనుండి, దీపావళికి జీఎస్టీని సంస్కరింతుమని చెప్పిరి. సెప్టెంబరు 3న మండలి తీర్మానించినది. 22వ తేదీన, సరిగా శరన్నవరాత్రుల మొదటి దినముననే, క్రొత్త పన్ను అమలులోనికి వచ్చినది.

అరణ్యపర్వమున నలునికి గుఱ్ఱముల హృదయము తెలియును, ఋతుపర్ణునకు సంఖ్యలు తెలియును. దారిలో తాండ్రచెట్టు కడ రథము నాపి యొకరి విద్య నింకొకరికి మార్చుకొందురు. తాండ్రచెట్లు మా యడవిలో కొల్లలు గనుక ఆ ఘట్టము మాకెప్పుడును దగ్గరిదిగానే తోచును. మా యింట మఱదికి బండి విద్యయు, మాష్టరుగారికి లెక్కల విద్యయు గలవు. ఆ యిద్దరిని ఒక అరుగుపై కూర్చుండబెట్టిన వారము మేము. తేలినదిది. పొడవు నాలుగు మీటర్లకును, పెట్రోలు యింజను 1200 సీసీకిని మించని బండిపై అంతవరకు సెస్సుతో గూడ 29 శాతము పన్ను; క్రొత్తది 18 శాతము. అంతకు పెద్ద బండ్లపై 40 శాతము, వేఱుగా సెస్సు లేదు. ఈకో, ట్రైబరు మొదటి తెగకు చెందును. ఎర్టిగా యింజను 1462 సీసీ, పొడవును నాలుగు మీటర్లు దాటును గనుక దాని పన్ను 45 నుండి 40కి మాత్రమే దిగినది. పన్ను చేర్చని ధర 5 లక్షలైన చిన్న బండి 6,45,000 రూపాయలనుండి 5,90,000కు వచ్చును, మిగులు 55,000. అట్టి ధర 9 లక్షలైన పెద్ద బండి 13,05,000 నుండి 12,60,000కు వచ్చును; మిగులు 45,000. పెద్ద బండికే పెద్ద తగ్గింపని నమ్మియున్న మా తోడికోడలు ఈ లెక్కను రెండుమార్లు చేయించినది. మాకు చిన్నదే చాలునని నిశ్చయమైనది.

ఆగస్టు నెలాఖరున గుమాస్తా, "ఇప్పుడే బిల్లు చేయించుకొనుడు, పన్ను మాట ఎవరికి తెలియును?" అని మూడుమార్లు ఫోను చేసెను. బుక్కింగు దినపు ధర కాక, ఇన్వాయిసు దినమున నున్న ధరయే కట్టవలెనని ఆ రసీదు వెనుకనే అచ్చువేసియుండెను. అది చదివి మేము ఆగుదమంటిమి. అవును, ఆ మాట మొదట అన్నది మేమే.

భాద్రపదమున వాన పట్టినది. ఒకనాటి రాత్రి పదునొకండు గంటలకు అత్తగారికి ఆయాసము వచ్చినది. అంబులెన్సు వేఱొక పల్లెకు పోయియుండెను. కిరాయివారు వాగు పొంగునని భయపడి రాలేదు. ఆమె స్తంభమున కానుకొని కూర్చుండి, పలుకలేక, చేతితో మమ్ము పడుకొనుడని సైగ చేయుచుండెను. వేకువజామున నాలుగు గంటలకు పొరుగువారి ట్రాలీ ఆటో దొరకినది. దానిపై పట్టా కప్పి, ఆమె తల మా యొడిలో నుంచుకొని, భద్రాచలమున ఆసుపత్రికి చేర్చితిమి. బ్రదికినది. ఆ యైదు గంటలును మా కన్నులయెదుట నున్నది యొకటే అంకె: యేబదియైదువేలు.

ఆ పిమ్మట లెక్క మఱల వేసితిమి. సెప్టెంబరు 22 తరువాత తగ్గింపులన్నియు తీసివేసిరి. కాబట్టి ఆషాఢపు ముప్పదివేలతో పోల్చిన మాకు నికరముగ మిగిలినది ఇరువదియైదువేలు. ఈ నడుమ ఖమ్మమునకు మూడు ప్రయాణముల కిరాయి పండ్రెండువేలు. మిగిలినది పదుమూడువేలు. మామగారు ఆ కాగితమును చూచి, కండ్లజోడు తీసి ప్రక్కన పెట్టి, ఏమియు ననలేదు.

దసరానాడు షోరూమున నిలుచుటకు చోటు లేదట. మేము అక్టోబరు 7వ తేదీ, మంగళవారమునాడు పోతిమి. మంగళవారము కొనువారు లేరు గనుక గుమాస్తా బండి నంతయు విప్పి చూపెను, కాలిపట్టాలు ఉచితముగ నిచ్చెను. "మంగళవారమా!" యని మామగారనగా అత్తగారే, "తోలువాడు మన బిడ్డడే గదా, పదండి" అనిరి. పెద్దమ్మ గుడికడ నిమ్మకాయలు త్రొక్కించి యింటికి తెచ్చితిమి.

గోదావరి చేరువనున్న సోదరీమణులకు ఇంకొక మాట. 2022 జూలైలో భద్రాచలమున నది 71 అడుగులు దాటినది, అది ఆషాఢమే. ఆ నెల తగ్గింపు కోరువారు బీమా పత్రమును శ్రద్ధగ చదువవలెను. సమగ్ర బీమా సాధారణముగా వరదనష్టమును భరించును గాని, నీరు చొచ్చిన యింజనును త్రిప్పి చెఱచుకొన్న నష్టమును భరింపదు. దానికి యింజను రక్షణ యను చేర్పు వేఱుగా కొనవలెను. బీమా షోరూముననే తీసికొనవలెనను నిర్బంధము లేదు. బయట ధర కనుగొనివచ్చి అడిగినచో అచ్చటనే తగ్గింతురు. భద్రాచలము పొలిమేర దాటినచో ఆంధ్రప్రదేశము గనుక అక్కడ కొని పన్ను తప్పించుకొందుమను వారున్నారు. జీవితకాలపు పన్ను నివాసమున్న రాష్ట్రముననే కట్టవలెను గాన అది వట్టి మాట.

ఇల్లెందు సోదరి తన జాబున తొమ్మిదిమంది అని వ్రాసినది గాని, వారిలో ముసలివారెందరో, చంటిబిడ్డలెందరో, వారి ఆరోగ్యమెట్లున్నదో వ్రాయలేదు. అది తెలిపినచో మఱు నెల సంచికలో నెల పేరు చెప్పగలము.