పంఖా అరిస్తే కంప్యూటర్ ఇంతెకాల్ అయినట్టేనా?

మొన్న జుమేరాత్ రాత్రి మా పెద్దమ్మాయి గదిలోంచి ఒకటే షోర్. తీరా చూస్తే ఐదేళ్ల నాటి లాప్‌టాప్. సోమవారం పిల్ల డిగ్రీ ప్రాజెక్టు జమ చేయాలి.

మర్నాడు జుమ్మా అయ్యాక దుకాణానికి పట్టుకెళ్లాం. అక్కడి కుర్రాడు ఒక్క స్క్రూ కూడా విప్పలేదు. చెవి పెట్టి విని, "మదర్‌బోర్డు ఖతమ్ అంకుల్. 38 వేలకు కొత్తది ఇప్పిస్తా" అన్నాడు. 38 వేలంటే మా చిన్నోడి ఏడాది ఫీజు! నబ్జ్ పట్టకుండా ఆపరేషన్ రాసే హకీమ్ దగ్గరికి మనం పోతామా? మరి ఈ దుకాణాల ముందు మాత్రం జీ, జీ అని తల ఎందుకు ఊపుతాం?

సాఫ్‌గా చెబుతా. పంఖా షోర్ మర్జ్ కాదు, మర్జ్ ఉందని చెప్పే గవాహీ. ప్రాసెసర్ వేడెక్కిందని సెన్సర్ కబురు పంపితే పంఖా వేగం పెంచుతుంది. బేచారా తన డ్యూటీ తాను చేస్తోంది. ఇల్జామ్ దాని మీద వేస్తే ఎలా?

తహకీక్‌కు పైసా ఖర్చు లేదు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. సీపీయూ అన్న చోట నొక్కితే ఎక్కువ తినేవాడు పైన కూర్చుంటాడు. తెరిచి మరిచిపోయిన ముప్ఫై ట్యాబులా, వైరస్ స్కానా, అప్‌డేటా, తెలిసిపోతుంది. తర్వాత మెషిన్ ఎక్కడ పెట్టారో చూడండి. రజాయి మీద పెడితే గాలి దారులు మూసుకుపోతాయి. ఏ పనీ లేకున్నా వేడెక్కుతుంటే లోపల గర్దా ఉందేమో చూడాలి. శుభ్రం చేశాకా వేడి తగ్గకపోతే ప్రాసెసర్ మీది థర్మల్ పేస్ట్ ఎండిపోయి ఉండొచ్చు. గరగరమంటే బేరింగ్ అరిగింది, పంఖా ఒక్కటే మార్చాలి. డెస్క్‌టాప్ అయితే, చల్లగా ఉన్నప్పుడు కూడా స్విచ్ వేయగానే పూర్తి వేగంతో అరిస్తే వేడిది కాదు కసూర్. బయోస్‌లో పంఖా సెట్టింగ్, దాని వైరు చూడాలి.

కొందరు మేధావులు ఇంకో ఇలాజ్ చెప్తారు: సాఫ్ట్‌వేర్ వేసి పంఖా వేగం తగ్గించెయ్యమని. ఖబర్దార్! షోర్ ఆగుతుంది, వేడి ఆగదు. చాలా ఇంటెల్ ప్రాసెసర్లకు హద్దు 100 డిగ్రీలు. అక్కడికి చేరితే అది తనను తానే నెమ్మది చేసుకుంటుంది, ఇంకా పెరిగితే మెషిన్ ఆగిపోతుంది. ఇరవై ఏళ్లుగా అఖ్బార్లలో పనిచేస్తున్నా. ఫిర్యాదీ నోరు మూయిస్తే ఫిర్యాదు తీరదని నాకు బాగా తెలుసు.

మదర్‌బోర్డు అసలు చెడిపోదని నేననను. చెడిపోతుంది. కానీ సుబూత్ అడగండి. మూత తీశావా? వేడి ఎన్ని డిగ్రీలుంది? జవాబు రాకపోతే మెషిన్ చంకన పెట్టుకుని లేచి రండి.

మేం అలాగే వచ్చేశాం. శనివారం మా అమ్మాయే చార్జర్ పీకి, వెనక మూత విప్పింది. రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకుని, మెత్తటి బ్రష్‌తో దులిపింది. దూది పరుపులోంచి తీసినంత గర్దా! పంఖా సద్దుమణిగింది. సోమవారం ప్రాజెక్టు జమ అయింది.

బాజీలూ, భాయీలూ! మన ఇళ్లలో సూది దారం ఇచ్చినంత ఆసానీగా ఆడపిల్ల చేతికి స్క్రూడ్రైవర్ ఇవ్వం. ఇవ్వండి. మా ఇంట్లో అదే 38 వేలు మిగిల్చింది.