సరదా వాళ్లది, వరద మనకా?

వినోదం కోసం కట్టే చిన్న డ్యామే కదా, ఏమవుతుందిలే అనేవాళ్లకు ఒక్క మాట.

1889 మే 31న అమెరికాలోని పెన్సిల్వేనియాలో సౌత్ ఫోర్క్ డ్యాం తెగింది. దిగువన ఉక్కు కార్మికుల ఊరు జాన్స్‌టౌన్. 2,209 మంది పోయారు.

ఆ నీళ్లు సాగుకు కాదు. కార్నెగీ, ఫ్రిక్ లాంటి కోటీశ్వరుల క్లబ్బు చేపలవేటకు, పడవ షికారుకు ఉంచుకున్న చెరువది. బగ్గీలు పోవాలని కట్ట ఎత్తు తగ్గించారు. చేపలు జారిపోకుండా అలుగుకు జాలీలు బిగించారు. పాత యజమాని పీకేసిన తూము గొట్టాలు మళ్లీ పెట్టనేలేదు. ఇంజనీర్ జాన్ ఫుల్టన్ 1880లోనే హెచ్చరిస్తే కొట్టిపారేశారు. చివరికి అంతా దైవఘటన అన్నారు. కోర్టుల్లో క్లబ్బు నుంచి బాధితులకు పైసా రాలేదు.

మరి మన దగ్గర? 2021 ఆనకట్టల భద్రతా చట్టం 10 మీటర్లలోపు కట్టల్ని లెక్కలోకే తీసుకోదు. రిసార్టు వాడు బోటింగుకు వేసుకునే చిన్న కట్టను ఇక చూసేదెవరు? మనమే. షెడ్యూల్డు ప్రాంతాల్లో చిన్న నీటి వనరుల ప్రణాళిక, నిర్వహణ పంచాయతీలకే అప్పగించాలని 1996 పీసా చట్టం చెప్పింది.

గ్రామసభలో నిలబడి అడగండి: అలుగు ఎంత? తూము తెరుచుకుంటుందా? తెగితే ఏ గూడెం మునుగుతుంది? బాధ్యత ఎవరిది? జవాబు లేదా, కట్టా లేదు!