దారం లేని పతంగి

గురువు లేని విద్య గుడ్డి విద్య అంటారు పెద్దలు. పాఠం చెప్పి జీతం పుచ్చుకునే నాబోటివాడికి ఈ సామెత మీద గౌరవం వుండడంలో వింత లేదు. అయితే గురువు దొరకని విద్యలు కూడా లోకంలో కొన్ని వున్నాయి. వాటికి తరగతులు లేవు, పరీక్షలు లేవు, పట్టాలు అంతకన్నా లేవు. అటువంటివాటిని నేర్చుకోవడం ఎట్లా? ఈ ప్రశ్న రెండేళ్లుగా నన్ను పట్టుకొని వున్నది. దీనికి కారణం మా ఇంట్లో అడుగుపెట్టిన ఒక బొమ్మ విమానం.

బొమ్మ అంటే మా అమ్మాయి ఒప్పుకోదు. చూస్తే దాని మాటే న్యాయంగా వున్నది. రెక్క ఈ కొస నుంచి ఆ కొసకు ఒక మీటరు. థర్మకోలుకు దాయాది అనదగిన తేలికైన పదార్థంతో చేసిన దేహం. ముక్కున చిన్న మోటారు, కడుపులో బ్యాటరీ, రెక్కలకూ తోకకూ కదిలే పలకలు. మన చేతిలో ఒక పెట్టె, ఆ పెట్టె మీద రెండు చిన్న పుల్లలు. పుల్ల కదిపితే రేడియో తరంగం వెళ్లి పలకను కదుపుతుంది. అసలు విమానంలో పైలటు చేసే పనులన్నీ నేల మీద నిలబడి చేయవలసిందే.

మేము వుండేది సికింద్రాబాదు కార్ఖానాలో. ఒక పక్క బేగంపేట, మరొక పక్క హకీంపేట. 2008 మార్చిలో ప్రయాణికుల విమానాలు శంషాబాదుకు తరలిపోయినా బేగంపేట విమానాశ్రయం మూతపడలేదు. హకీంపేటలో వైమానిక దళంవారు తమ కుర్రాళ్లకు శిక్షణ యిస్తారు. కనుక మా పేట పిల్లలకు తల పైకెత్తి చూడడం ఉగ్గుపాలతో వచ్చిన అలవాటు. చిత్రమేమిటంటే, విమానం ఎగరేయాలన్న సరదా పుట్టించే ఈ చోటే దాన్ని ఎగరేయడానికి బొత్తిగా పనికిరాదు. 2021 నాటి డ్రోన్ నియమాలు ఇటువంటి చిన్న విమానాలకు కూడా వర్తిస్తాయి. విమానాశ్రయాల చుట్టుపక్కల అనుమతి లేనిదే ఎగరేయకూడదు. కంటోన్మెంటు సంగతి వేరే చెప్పనక్కరలేదు. ప్రభుత్వంవారి పటంలో ఆకుపచ్చరంగు వేసిన చోటు చూసుకొని, 120 మీటర్ల ఎత్తు దాటకుండా ఎగరేసుకోవాలి. అందుచేత ఆదివారం తెల్లవారకముందే విమానాన్ని దుప్పటిలో చుట్టుకొని, నగరం దాటి, తెలిసినవారి బీడు పొలానికి పోవడం మాకు రివాజు అయింది. గాలి లేవకముందు వెళ్లడం ఈ విద్యకు శ్రేయస్కరం కూడాను.

"పతంగి ఎగరేసినవాడికి ఇదొక లెక్కా?" అన్నారు మా పక్కింటి పెద్దమనిషి. సంక్రాంతికి పరేడ్ గ్రౌండ్సులో పతంగుల పండుగ చూసే వూరివాళ్లం కదా, అట్లా అనుకోవడం సహజమే. కాని ఈ రెంటికీ మధ్య పెద్ద తేడా వున్నది. పతంగికి దారం వుంది. గాలి పెరిగితే దారం లాగుతుంది, తగ్గితే సడలుతుంది. ఆకాశంలో కబురు అంతా మీ వేలికి తెలుస్తూనే వుంటుంది. రేడియో విమానానికి దారం లేదు. అది పడబోతున్నా చేతికి ఏమీ తెలియదు. కబురంతా కంటి మీదుగా రావలసిందే. కనుక ఇది గుడ్డి విద్య కావడానికి వీలు లేదు. ఇందులో వున్నదంతా చూపే!

ఈ రెంటికీ నడుమ మరొక పద్ధతి వున్నది. విమానం రెక్కకు రెండు సన్నని ఉక్కుతీగలు కట్టి, మధ్యలో మనిషి నిలబడి, దాన్ని తన చుట్టూ తిప్పుకుంటాడు. ఆ తీగల మీదుగానే పైకీ కిందికీ నడుపుతాడు. ఎన్.సి.సి. వైమానిక విభాగంలో చేరిన విద్యార్థులకు ఇదీ, రేడియో విమానమూ కూడా నేర్పుతారు. పోటీలు కూడా వుంటాయి. మా అమ్మాయి చదివే కాలేజీలో ఆ విభాగం లేదు. కాబట్టి మాకు మేమే గురువులం, మేమే శిష్యులం.

ఇందులో అన్నిటికంటె కష్టమైన ఘట్టం కుడియెడమల తగాదా. విమానం మన నుంచి దూరంగా పోతున్నంతసేపూ దాని కుడి మన కుడే. తిరిగి మన వైపు వచ్చిందా, దాని కుడి మన ఎడమ అయి కూర్చుంటుంది. కొత్తవాళ్ల విమానాలు ఎక్కువగా నేలకూలేది ఇక్కడే. నాకు మాత్రం ఈ చిక్కు కొత్త కాదు. ఇరవై ఏళ్లుగా తరగతికి ఎదురుగా నిలబడుతున్నవాణ్ణి. "కుడివైపు బెంచీవాడు లేవవోయ్" అంటే ఎవరి కుడి అన్న సందేహం రోజూ వచ్చేదే. ఎదుటివాడి చోట కూర్చుని చూడడం ఉపాధ్యాయుడికి ఎంత అవసరమో, విమానం నడిపేవాడికీ అంతే. దీనికొక చిన్న ఉపాయం వున్నది. విమానం మీకేసి వస్తున్నప్పుడు ఏ రెక్క కిందికి వాలుతున్నట్టు కనిపిస్తే, పుల్లను ఆ పక్కకే తోయండి. ఒరిగిపోతున్న పందిరికి గుంజ ఆనించినట్టు అనుకోండి. విమానం సర్దుకుంటుంది.

ఇక అసలు సంగతికి వస్తాను. గురువు లేకుండా నేర్చుకునేవాడు పడక తప్పదు. కాబట్టి వాడు చేయవలసిన మొదటి పని, పడడాన్ని చౌక చేసుకోవడం. ఇది నా సొంత సిద్ధాంతం కాదు. రైటు సోదరులు ఆచరించి చూపినదే. జర్మనీలో లిలియెంతాల్ అనే మహానుభావుడు రెక్కలు కట్టుకొని రెండువేలసార్లు కొండల మీది నుంచి గాలిలోకి దూకాడు. 1896లో సుమారు 15 మీటర్ల ఎత్తు నుంచి పడి మరణించాడు. ఐదేళ్లలో ఆయన గాలిలో గడిపిన కాలమంతా కలిపితే ఐదు గంటలేనని విల్బర్ రైటు లెక్కగట్టాడు. ప్రాణానికి ముప్పు లేకుండా గంటల తరబడి సాధన చేసే మార్గం దొరికితే తప్ప ఈ విద్య పట్టుబడదని గ్రహించాడు. అందుకే అన్నదమ్ములిద్దరూ బలమైన గాలీ, మెత్తని ఇసుకా వున్న కిట్టీహాక్ తీరాన్ని వెతుక్కున్నారు. 1900లో తమ యంత్రాన్ని ఎక్కువగా పతంగిలాగా తాళ్లు కట్టే ఎగరేశారు. 1902లో మోటారు లేకుండా ఇసుకదిబ్బల మీద వందలసార్లు తక్కువ ఎత్తులో జారారు. 1903 డిసెంబరు 17న మోటారుతో ఎగిరింది మొదట 12 సెకండ్లే. ఆ 12 సెకండ్ల వెనుక ఎన్ని చౌక పతనాలు వున్నాయో చూడండి. ఇంతకూ వారికి ఈ పిచ్చి పట్టించినది 1878లో తండ్రి తెచ్చి యిచ్చిన, రబ్బరు మెలికతో ఎగిరే ఒక బొమ్మ. బొమ్మను చిన్నచూపు చూడరాదు సుమండీ!

మా ఇంట్లోనూ ఆ క్రమమే పాటించాము. మొదటి రెండు నెలలూ విమానం పెట్టెలోనే వున్నది. పుల్లల పెట్టెను కంప్యూటరుకు తగిలించి, తెర మీద ఎగరేయడమే సాధన. అక్కడ వందసార్లు కూలినా ఖర్చు సున్న. తరువాత మోటారు లేని చిన్న గ్లైడరును చేత్తో విసరడం. రెక్క కింద రెండు వేళ్లు ఆనించి, బరువు ఎక్కడ సమంగా నిలుస్తుందో చూసుకోవడం అప్పుడే వచ్చింది. రెక్క వెడల్పులో ముందు అంచు నుంచి నాలుగో వంతుకూ మూడో వంతుకూ మధ్య అది నిలవాలి. తోక బరువైతే విమానం ఎవరి మాటా వినదు. ఆ తరువాతనే పొలం. అక్కడ కూడా మొదట కాస్త ఎత్తుకు చేర్చి, ఆ ఎత్తులోనే మలుపులు నేర్వాలి. నేలకు దగ్గరగా వుంటే భద్రమని తోస్తుంది గాని అది భ్రమ. ఎత్తు అంటే బ్యాంకులో నిలవ. తప్పు జరిగినప్పుడు దిద్దుకోవడానికి ఖర్చు పెట్టుకునేది దాన్నే.

మూడో ఆదివారం విమానం తుమ్మచెట్టుకు తగిలి రెక్క రెండు ముక్కలైంది. నడుపుతున్నది మా అమ్మాయి. మా ఆవిడ గుండె గుభేలుమన్నది. "అయిపోయిందా?" అని అడిగింది. "లేదమ్మా, జిగురు పెడితే వచ్చే ఆదివారానికి తయారు" అన్నది పిల్ల. కళ్లలో నీళ్లు లేవు. పైగా ఆ మలుపు ఎందుకు తప్పిందో సాయంత్రందాకా కాగితం మీద బొమ్మ గీసి నాకు పాఠం చెప్పింది.

ఆ పిల్లే ఇంటర్ పరీక్ష ఫలితాలంటే నిద్రపోదు. నేను ఆలోచనలో పడ్డది అక్కడే. మనం పిల్లలకు పెట్టిన చదువులో చౌకగా పడే చోటు ఎక్కడ వున్నది? ఏడాదికొక పరీక్ష, దానికొక ర్యాంకు. మొదటి ఎగురుడే నూరు మీటర్ల ఎత్తులో, కింద రాతినేల. 2019 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాల తరువాత తెలంగాణలో ఎన్ని ఇళ్లలో దీపాలు ఆరిపోయాయో మనం మరవలేము. ఆ పిల్లలకు తెలివి తక్కువై కాదు. పడి, జిగురు పెట్టుకొని, మళ్లీ లేవవచ్చునని వాళ్లకు చెప్పినవారు లేక.

అందరూ విమానాలు కొనండని నేను చెప్పను. వీణ కావచ్చు, వడ్రంగం కావచ్చు, ఈత కావచ్చు. మార్కులు వేసేవారు లేని విద్య ఒక్కటైనా ప్రతి ఇంట్లోనూ వుండాలి. అందులో పిల్లలు పదిసార్లు పడాలి. పడ్డప్పుడు పెద్దలు నోరు మెదపకుండా జిగురుసీసా అందివ్వాలి. గురువు లేని విద్యకు ఆ మాత్రం గురుత్వం చాలును.