మాట చెల్లే చోటు

ఇంగ్లండ్‌లోని హాంప్‌షైర్ ప్రాంతంలో సౌత్ వార్న్‌బరో అని ఓ చిన్న ఊరుంది. అక్కడ ఊరి దుకాణంలోనే పోస్టాఫీసు కౌంటరు ఉండేది. దాన్ని నడిపిన జో హామిల్టన్ ఒకనాడు లెక్క చూసుకుంటే కంప్యూటరు రెండు వేల పౌండ్లు తక్కువ చూపించింది. సహాయ కేంద్రానికి ఫోన్ చేసి, వాళ్లు నొక్కమన్న మీటలన్నీ నొక్కారు. ఆమె చూస్తుండగానే లోటు రెట్టింపయింది. 2024 జనవరిలో ఐటీవీ ప్రసారం చేసిన ‘మిస్టర్ బేట్స్ వర్సెస్ ది పోస్ట్ ఆఫీస్’ అనే నాలుగు భాగాల నాటకంలో ఈ దృశ్యం కాసేపే ఉంటుంది. కానీ ఫోను చెవికి ఆనించుకుని తెర వంక చూస్తూ నిలబడిపోయిన మోనికా డోలన్ ముఖం చాలాకాలం మనల్ని వదలదు.

ఇది జరిగిన కథ. 1999లో మొదలై పదహారేళ్లలో, ఇలాంటి కౌంటర్లు నడిపే తొమ్మిది వందల మందికి పైగా సబ్ పోస్ట్‌మాస్టర్లను, డబ్బు లెక్కల్లో మోసం చేశారంటూ కోర్టులు దోషులన్నాయి. నిజానికి తప్పు ఆ లెక్కలు చూసే ఫుజిత్సు వారి హొరైజన్ సాఫ్ట్‌వేర్‌లో ఉంది. లేని లోటు పూడ్చడానికి ఇల్లు తాకట్టు పెట్టినవాళ్లున్నారు, జైలుకెళ్లినవాళ్లున్నారు, ప్రాణం తీసుకున్నవాళ్లూ ఉన్నారు. మొరపెట్టుకున్న చాలామందికి దొరికిన జవాబు ఒకటే: ఈ ఇబ్బంది మీ ఒక్కరికే వచ్చింది.

ఈ సంగతి దాచిపెట్టినదేమీ కాదు. కంప్యూటర్ వీక్లీ పత్రిక 2009లోనే రాసింది. తానూ సబ్ పోస్ట్‌మాస్టరే అయిన అలన్ బేట్స్ ముందుండి నడిపించగా, ఆయనతో కలిపి 555 మంది హైకోర్టుకు వెళ్లారు. హొరైజన్‌లో లోపాలున్నాయని 2019లో న్యాయమూర్తి తేల్చారు. 2021లో అప్పీలు కోర్టు ఒక్కరోజే 39 మంది శిక్షలు కొట్టేసింది. అయినా మిగతావాళ్లలో చాలామంది నెత్తిన దొంగ అన్న ముద్ర అలాగే ఉండిపోయింది. 2024 జనవరి మొదటి వారంలో నాటకం వచ్చింది. కోటి మందికి పైగా చూశారు. పదో తేదీన ప్రధాని పార్లమెంటులో కొత్త చట్టం ప్రకటించారు. మే నెలాఖరుకల్లా ఇంగ్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్‌లలో ఆ శిక్షలు మూకుమ్మడిగా రద్దయ్యాయి. పత్రికలు రాసినదీ కోర్టులు తేల్చినదీ, రచయిత్రి గ్వినెత్ హ్యూస్ వంటింటి బల్ల దగ్గరికి తెచ్చి చెప్పేసరికి దేశానికి గుండెలో తగిలింది.

సాహిత్యం సమాజానికి అద్దం అని అలవాటుగా అనేస్తుంటాం. అద్దంలో ఎదుట నిలబడినవాళ్లే కనిపిస్తారు. అక్కడిదాకా రాలేనివాళ్ల సంగతేమిటి? ఇవాళ్టి బ్రిటిష్ కథలోనూ తెరమీదా మాకు నచ్చినదేమిటంటే, ఏ కౌంటరు దగ్గరా చెల్లని మనిషి మాట అక్కడ చెల్లుతోంది.

కెన్ లోచ్ తీసిన ‘ఐ, డేనియల్ బ్లేక్’ (2016) చూడండి. న్యూకాజిల్‌లో ఓ వడ్రంగికి గుండెపోటు వచ్చింది. పని చేయొద్దని డాక్టరు అంటుంది. పని చేయగలడని ప్రభుత్వ ఫారంలోని మార్కులు అంటాయి. ఫారమే గెలుస్తుంది. అదే సినిమాలో కేటీ అనే తల్లి పిల్లలకు పెట్టి తాను పస్తులుంటుంది. ఉచితంగా సరుకులిచ్చే చోట, అరల మధ్య నిలబడే ఓ డబ్బా మూత లాగేసి, చేత్తో తినేస్తుంది. మరుక్షణం సిగ్గుతో కుమిలిపోతుంది. ఆకలిని గురించి ఎన్ని నివేదికలు చదివినా ఆ డబ్బా చప్పుడు వాటిలో వినిపించదు.

డగ్లస్ స్టూవర్ట్ నవల ‘షగీ బెయిన్’ 2020లో బుకర్ గెలుచుకుంది. అందులోది 1980ల గ్లాస్గో. గనులూ ఓడల కార్ఖానాలూ మూతపడుతున్న కాలం. తాగుబోతని ఊరంతా ఒక్క మాటలో తేల్చేసిన ఆగ్నెస్ ఎంత దిగజారినా తల దువ్వుకుని, ముస్తాబై, తలెత్తుకునే గడప దాటుతుంది. ఆమె కొడుకు కళ్లతో చూశాక ఆ ఒక్క మాట మన నోట రాదు.

నమ్మడం ఎప్పుడూ తేలిక కాదని గుర్తుచేసింది 2025లో వచ్చిన ‘అడాలసెన్స్’ సిరీస్. తోటి విద్యార్థిని హత్య కేసులో పోలీసులు పట్టుకెళ్లిన పదమూడేళ్ల కొడుకు తానేమీ చేయలేదంటే, తండ్రి నమ్ముతాడు. కాసేపటికే వీడియో ఆ నమ్మకాన్ని కూల్చేస్తుంది. ఒక్కో భాగాన్నీ ఎక్కడా కోత లేకుండా ఒకే షాట్‌లో తీశారు కాబట్టి, తండ్రితో పాటు మనమూ ఆ గదిలోంచి బయటపడలేం. చివరికి అతను కొడుకు ఖాళీ మంచం మీద ఎలుగుబంటి బొమ్మకు దుప్పటి కప్పి, దానికి క్షమాపణ చెప్పుకుంటాడు. పక్కగదిలో ఫోను పట్టుకున్న పిల్లాడు ఏం వింటున్నాడో ఇల్లూ బడీ ఎందుకు వినలేదన్నది ఆ కథ అడిగే ప్రశ్న.

కథ ఒక్కటే అన్నీ చక్కబెట్టదు. ఇల్లు పోయిన కుటుంబం మీద లోచ్ తీసిన ‘క్యాథీ కమ్ హోమ్’ 1966 నవంబరులో వచ్చింది. పక్షం రోజులకు, ఇల్లు లేనివాళ్ల కోసం పనిచేసే షెల్టర్ సంస్థ మొదలైంది. దాదాపు అరవై ఏళ్లయినా ఆ సంస్థకు పని తప్పలేదు. శిక్షలు రద్దయ్యాక కూడా పోస్ట్‌మాస్టర్లు పరిహారం కోసం ఎదురుచూశారు. కథ చేయగలిగింది తలుపు తెరవడం. అడుగు వేయాల్సింది సమాజం.

ఈ దారి మనకు కొత్తది కాదు. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో 1,034 కన్యాశుల్కం పెళ్లిళ్లు జరిగాయని విజయనగరం మహారాజు లెక్క తీయించారు. ‘కన్యాశుల్కం’ ముందుమాటలో గురజాడ ఆ లెక్క ఇచ్చారు. ఆ అంకె ఇప్పుడు ఎందరికి గుర్తుంది? ఆ నాటకంలోని బుచ్చమ్మను మాత్రం మరిచినవాళ్లు లేరు.

రేషన్ దుకాణం దగ్గర యంత్రంలో వేలిముద్ర పడక వెనుదిరిగే ముసలమ్మ మన ఊళ్లలోనూ ఉంది. ఏళ్ల తరబడి కలుపు తీసి అరిగిపోయిన వేళ్లవి. నేనేనయ్యా అని ఆమె అంటుంది. కాదని యంత్రం అంటుంది. ఖాళీ సంచి మడిచి చంకన పెట్టుకుని ఆమె ఇంటికి నడిచే ఆ కాసేపటిని రాసే రచయిత కోసం ఈ పత్రిక ఎదురుచూస్తోంది.