విచారం సరే, క్షమాపణ ఏదీ?

"రాణిగారు వచ్చారు, చెయ్యూపారు, వెళ్లారు. ఇందులో రాజకీయం ఏముంది?" అంటారు కొందరు. నాకైతే రాజకీయం తప్ప ఇంకేం కనిపించదు.

ఎలిజబెత్ 1953లో జమైకా వెళ్లినప్పుడు అది బ్రిటన్ వలస. 2002లో చివరిసారి వెళ్లేనాటికి స్వాతంత్ర్యం వచ్చి నలభై ఏళ్లు కావొస్తోంది. అయినా అక్కడి రాణి ఆవిడే! ఆ వీడ్కోలు విందులో కరెంటు పోయింది. (ప్రతీకలు వెతకను. కరెంటు ఎక్కడైనా పోతుంది.)

మరి బారులు తీరిన జనం? 1966 మార్చిలో రాణి వచ్చింది. ఏప్రిల్ 21న ఇథియోపియా చక్రవర్తి హైలే సెలాసీ దిగితే, జనం పోలీసుల్ని తోసుకుని విమానం దాకా పోయారు. రాస్తాఫారీలకి ఆ రోజు ఇప్పటికీ పండగే. రాణి వచ్చిన తేదీని ఎవరు పండగ చేసుకుంటున్నారు?

2022లో విలియం, కేట్ వెళ్లారు. కంచె సందుల్లోంచి చాచిన నల్లని వేళ్లని వాళ్లు తాకుతున్న ఫొటో మీరూ చూసుంటారు. "మేం ముందుకెళ్తున్నాం" అని ప్రధాని హోల్‌నెస్ మొహమ్మీదే చెప్పేశాడు. ఆ రాత్రి విలియం బానిసత్వం గురించి తీవ్ర విచారం ప్రకటించాడు. క్షమాపణ మాత్రం చెప్పలేదు. చెబితే లెక్కలు అడుగుతారుగా!

లెక్క ఇదీ. బానిసత్వం రద్దు చేసినప్పుడు బ్రిటన్ 2 కోట్ల పౌండ్ల పరిహారమిచ్చింది, యజమానులకి. బానిసలకి దమ్మిడీ లేదు. ఆ సొమ్ముకోసం చేసిన అప్పు 2015లో గానీ తీరలేదు. జమైకా నుంచి లండన్ వలసపోయి, బస్సులు నడిపి పన్నులు కట్టినవాళ్లు కూడా ఆ అప్పు తీర్చారు.